అతుకు

సాయులు పెన్‌డ్రైవ్ తెచ్చిండు
అంగీ జేబుల, బీడీకట్ట పక్కన.
పదకొండు ఫోటోలు.
"నెమిలిగుట్ట మొత్తం ఒక్క పటంల రావాలె.
సోమవారం ప్రజావాణికి నల్లగొండ పోతున్నం.
కలెక్టర్ మేడం
తల ఇటునుంచి అటు తిప్పి చూడాలె."

చండూరు బస్టాండ్ ఎనక
జిరాక్స్ మిషన్‌కూ నీలి పరదాకూ నడుమ నా కుర్చీ.
పెండ్లికి రాని మేనమామను
ఆల్బమ్‌ల తెచ్చి నిలబెట్టిన చెయ్యి ఇది.
చనిపోయినోళ్లకు కోటు తొడిగిన చెయ్యి.
గుట్ట ఎంత?

ముందుగాల సాఫ్ట్‌వేర్‌నే కలుపుమన్న.
గిర్రున తిరిగి తిరిగి
ఆరు ఫోటోలు ఒక దిక్కు, అయిదు ఒక దిక్కు పారేసి
చేతులెత్తేసింది.
సరే, చేత్తోనే.

ఒక్కో ఫోటో ఒక్కో పొర.
పైపొరను సగం పలచన చేసి
కిందిదాని మీద జరుపుత.
మీట ఒకసారి నొక్కితే ఒక్క చుక్క ఎడమకు.
తాటిచెట్టు మీద తాటిచెట్టు
కరెంటు స్తంభం మీద కరెంటు స్తంభం
రెండూ ఒకటయ్యేదాక ఊపిరి బిగబట్టాలె.
సాయులు చెయ్యి కుదురు లేదు.
ఒకదాంట్ల నేల ఒరిగింది
ఒకదాంట్ల ఆకాశం మరీ నీలం.
ఒరిగినదాన్ని నిలబెట్టిన, నీలంల జర బూడిద కలిపిన.
అంచులు మెత్తగ అరగదీసిన,
పంక్చర్ అంటించే ముందు
ట్యూబును గీకినట్టు.

మూడో ఫోటోల అండాలు, మేకలతోటి.
నాలుగోదాంట్ల మళ్ల అండాలే.
అయిదోదాంట్ల కొంగు మాత్రం.
సాయులు మెల్లగ ఇటునుంచి అటు తిరుగుతుంటే
ఆమె కూడ అటే నడిచింది.
"ఎవర్ని ఉంచాలె అన్నా?"
"మేకలు ఎక్కువ కనపడేదాన్నుంచు.
ఇంకా మేపు ఉన్నదని తెలుస్తది."
మిగిలిన ఇద్దరు అండాలులను తుడిచేసిన.

ఆరుకూ ఏడుకూ అతుకు పడలేదు.
తాటిచెట్టు కలిసింది. స్తంభం కలిసింది. బాట కలిసింది.
గుట్ట కలువలేదు.
ఆరోదాంట్ల గుట్ట భుజం గుండ్రంగ వచ్చి అంచుకాడ ఆగితే
ఏడోదాంట్ల అక్కడ భుజమే లేదు.
తిప్పిన, వంచిన, గుంజిన.
గంటన్నర.
నా తప్పే అనుకున్న.
చాయ్ మీద మీగడ కట్టి ముడతలు పడ్డది.

"అన్నా, ఇవన్నీ ఒక్కనాడే తీసినవా?"
తల గోక్కున్నడు.
"ఆరు తీసినంక ఫోనుల జాగ లేకపాయె.
మనుమరాలి డాన్సులు తీసేయ మనసొప్పలే.
మిగతాయి... ఇరవై రోజులకు."

ఫైళ్ల మీది తేదీలు చూసిన. నిజమే.
ఆ తేదీకూ ఈ తేదీకూ నడుమ
ఎన్ని టిప్పర్లు ఎక్కిందో,
కంకరై ఏ రోడ్డు కింద పన్నదో
గుట్ట భుజం.

క్లోన్ స్టాంప్ ఉంది నా తాన.
ఇటు రాయి తీసి అటు అద్దితే
పది నిమిషాల పని.
కావాలంటే రెండు తంగేడు పొదలు గూడ మొలిపిస్త,
గుట్ట మీది మైసమ్మ గూడ గుర్తుపట్టది.
చెయ్యి అలవాటుగ పోయింది మీట మీదికి.
పోయి, ఆగింది.

"ఇది కలువదన్నా."
"నువ్వు కలుపుతవనే గదా వచ్చిన."
"కలుపుత. అప్పుడు గుట్ట నిండుగ కనపడుతది.
నిండుగున్న గుట్టకు దరఖాస్తు ఎందుకంటరు."

సాయులు లేచి వచ్చి
స్క్రీను మీద, ఆ తెగిన కాడ వేలు పెట్టిండు.
పైనుంచి కిందికి తీసిండు.
అద్దం మీద మరక.
నేను తుడువలే.

అతుకును కత్తితో కోసినట్టు నిట్టనిలువుగ ఉంచిన.
అటొక తేదీ, ఇటొక తేదీ.
ఆరడుగుల ఫ్లెక్స్ మిషన్ల నుంచి బయటికొస్తుంటే
అప్పుడు కనపడ్డది:
నాలుగో ఫోటోల అండాలు నీడ ఒక్కటి మర్చిపోయిన.
మనిషి లేదు, మేక లేదు,
రాయి మీద నల్లగ పడి ఉన్నది.
మళ్లా కొట్టియ్యాలంటే ఇంకో తొమ్మిది వందలు.
సాయులుకు చెప్పలే.

ఆయన పైసలు లెక్కపెట్టి ఇచ్చి
ఫ్లెక్సును మడువబోయిండు.
"మడువకన్నా, చుట్టు.
మడిస్తే
ఏ గీత మడతదో
ఏ గీత గుట్టదో
ఆడ ఎవ్వరికీ తెల్వది."