పద్దెనిమిది జాకెట్లు

కొప్పోలు రోడ్డులో నా పేర రెండు గదులు.
బ్యాంకుకి నెలకి తొమ్మిదివేల రెండొందలు,
వచ్చే అద్దె ఆరున్నర.
మధ్యలో గుంట పూడ్చాలంటే
పద్దెనిమిది జాకెట్లు, లైనింగు లేనివి.
మొదటి నెల్లోనే మోటారు కాలింది.
ఇంకో పదకొండు.

"ఓనరుగారూ" అని మస్తాన్‌బీ పిలిస్తే
ఎవర్నో అనుకుని వెనక్కి చూశా.
గోడకి మేకు కొట్టుకోవచ్చా అంది,
ఆస్పత్రిలో నైటుడ్యూటీ దిగి, కళ్లెర్రగా,
చేతిలో వాళ్లబ్బాయి ఫొటో.
కొత్త రంగమ్మా, పెచ్చులూడతది—
అచ్చం మా ఓనరు గొంతే నా నోట్లో.
తడబడి, సుత్తి నేనే తెచ్చిచ్చా.
ఒక్కటే కొట్టుకో, అని కూడా అన్నా.

రాత్రి లాయరుపేటలో
నా అద్దింటి తలుపు తీస్తే
పంతొమ్మిదో ఏడు కూడా
కుర్చీలోనే కూర్చుని ఉంది
క్యాలెండరు.