సెల్ఫ్

ఎనుమాముల యార్డుల తూకం చిట్టీలు రాసొచ్చి
రాత్రి తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ తెరుస్త.
వేళ్లకు ఇంకా తేజ మిర్చి ఘాటు,
కన్ను నలుపుకున్ననా, ఇగ అంతే.

క్లాస్ బస్తా అని రాసిన:
బరువు, రంగు, రైతు పేరు, బాకీలు.
ఒక్క అచ్చు, ఎన్ని బస్తాలైనా.

కొంరెల్లి బస్తాకు ఎరువుల బాకీ ఎక్కిస్తే
సారమ్మ దాంట్ల గూడ అదే బాకీ,
ఇంకా పుట్టని బస్తాల గూడ.
రెండు రాత్రులు తప్పు దొరకలె.

రుబీనా మేడం నవ్వింది:
"బాకీల పట్టీ అచ్చులనే పెట్టినవ్.
పుట్టినంక ఎవలిది వాళ్లకియ్యి.
ముందట సెల్ఫ్ రాయి."

సెల్ఫ్ అంటే?
"నేను."

రాసిన. సారమ్మ పట్టీ ఖాళీ అయ్యింది.

తెల్లారి కాంటా కాడ ఒకామెను
పేరేందమ్మా అన్న.
అనుమానంగ చూసింది.
ఏడేండ్లు
లాట్ నంబర్ తప్ప ఇంకోటి రాయలె నేను.