రాశానన్న మాట

కాస్త్రోలో వాన ఆగిందని ఎవరూ అనరు,
తగ్గిందంటారు.
తగ్గని ఒక జూలై రాత్రి
లాంచీల సహకార సంఘం అటక మీద
మూడు డేటాబేసుల్ని పక్కపక్కన నిలబెట్టి
పరుగు పందెం పెట్టాం, ఎలెయుతేరియో, నేనూ.

పందెం వెనక సంగతి చిన్నదే.
కెహూయి దీవికి పొద్దున ఏడింటి లాంచీ,
నలభై రెండు సీట్లు.
శుక్రవారం సాయంత్రం టికెట్లు తెరవగానే
దీవి దీవంతా ఒక్కసారే ఫోన్లు తీస్తుంది:
పిండి బస్తాల వాళ్ళు, ఆస్పత్రి చీటీల వాళ్ళు,
హాస్టలు నుంచి ఇంటికి పోయే పిల్లలు.
మా వెబ్‌సైటు తెర మధ్య సున్నా ఒకటి
గానుగెద్దులా తిరుగుతూ ఉంటుంది.
నూనె మాత్రం రాదు.

తప్పు డేటాబేసుదే అన్నాను నేను.
తప్పెప్పుడూ మనకి సరిగ్గా తెలియని దానిదే కదా.

ఎస్క్యూలైట్, ఒక్క ఫైలు, చంకన పెట్టుకుపోవచ్చు.
చదవమంటే రెప్పపాటు.
రాయమంటే గుమ్మం ఇరుకు, ఒకరు బయటికొస్తేగానీ
ఇంకొకరు లోపలికి పోలేరు.
పోస్ట్‌గ్రెస్ పాత వరసని చెరపదు,
పక్కన కొత్తది రాసుకుని
చెత్త తర్వాత తీరిగ్గా ఊడ్చుకుంటుంది,
మా మేనత్త ఎర్మెలిందా లాగా.
మైసీక్వెల్ మా ఇంటి మనిషి,
ఆరేళ్ళుగా ఈ టికెట్లన్నీ దాని పద్దులోవే.

నేను పుట్టించిన దొంగ ప్రయాణికులు
లక్షమంది ఎగబడ్డారు.
గోడ మీద సుద్దతో అంకెలు వేశాడు ఎలెయుతేరియో.
ఒకటి సెకనుకి ఏడు వందలు, ఒకటి పదకొండు వందలు,
మా ఇంటి మనిషి తొమ్మిది వేలు!
థర్మాసు మూత తీసి మాతే పోశాడు.
నేను నవ్వుతూ ఇంకో లక్షమందిని వదిలాను.

అప్పుడు కరెంటు పోయింది.

బ్యాటరీ పెట్టె ఉంది మాకు.
రెండేళ్ళుగా గాలికి తలుపు కొట్టుకోకుండా
అడ్డం పెట్టుకుంటున్నాం.

మూడూ నలభైకి వెలుతురొచ్చింది.
రాశాను, రాశాను అని అవి చెప్పిన జవాబుల్ని
నా ల్యాప్‌టాప్ లెక్క పెట్టి ఉంచింది.
లోపల నిజంగా ఉన్నవి లెక్క పెట్టాం.
వెనకబడ్డ రెండూ చెప్పినవన్నీ చూపించాయి,
ఒక్కటీ తగ్గలేదు.
గెలిచినదాని దగ్గర చివరి సెకను లేదు.
ఒక్క సెకనే.
ఆ సెకనులో తొమ్మిది వేలమంది
చేతిలో టికెట్టుతో
లేని లాంచీ కోసం నిలబడి ఉన్నారు.

నోటిమాట నీటిమూట అంటారు,
మూట కట్టింది ఎవరో చూడాలిగా.
సెట్టింగుల ఫైల్లో ఒక చిన్న వరస:
డిస్కు దాకా పోనక్కర్లేదు, సరేనని చెప్పేయ్.
కింద తేదీ, నా పొడి అక్షరాలు.
ఏదో పాత డేటా త్వరగా ఎక్కించాలని
ఒక రాత్రి రాసి, మరిచిపోయాను.
పాపం, అది చెప్పినట్టే చేసింది.

సరిచేసి మళ్ళీ పరిగెత్తిస్తే
మూడూ కాస్త అటూ ఇటూగా తేలాయి.
గోడ మీద సుద్ద చెరిపి
ఎలెయుతేరియో చాలాసేపు ఏం మాట్లాడలేదు.
తర్వాత, ఇస్మేనియా, అన్నాడు,
అసలు ఖాళీ సీటు ఎలా వెతుకుతున్నాం మనం?

వెతుకుతున్నాం, అవును.
ఒక్కో నొక్కుడుకి
పదకొండేళ్ళ ప్రయాణాలన్నీ మొదటి పేజీ నుంచి,
మునిగిపోయిన లాంచీలతో సహా.
తేదీకీ లాంచీకీ కలిపి ఒక ఇండెక్స్ కట్టాం.
ఒక్క వాక్యం. టైపు చేయడానికి పట్టినంతసేపు కూడా
పట్టలేదు అది పనిచేయడానికి.
నాలుగు సెకన్లు పోయి, కంటికి ఆనని కాలం మిగిలింది,
మూడింటిలోనూ.

రేవులో సెల్సో అడిగాడు, ఏది గెలిచిందని.
అతని నోటుపుస్తకం వాన వాసన వేస్తుంది,
పెన్సిలు కాగితం మీంచి లేచాకే
రాశాను అంటాడు, అంతకుముందు అనడు.
ఏమీ గెలవలేదు, ఉన్నదే ఉంచుకున్నాం అన్నాను.
అంతలేసి మిషన్లకి ఇంతేనా అన్నాడు.

శుక్రవారం ఆరింటికి సున్నా తిరగలేదు.
మొదటి టికెట్లు రెండు, ఒకే పేరు మీద:
ఒకటి మనిషికి, ఒకటి కుట్టు మిషనుకి.
రాశాను, అంది తెర.
నమ్మాను.
బ్యాటరీ పెట్టె ఇప్పుడు సర్వరు కింద ఉంది.
తలుపు రాత్రంతా కొట్టుకుంటోంది.