ఖాళీ పళ్ళెం

ఆరు కాకముందే జుల్మీరా మేడ మెట్లెక్కుతుంది
చేతిలో చిమ్టా, స్పిరిట్ దీపం,
చంకన డబ్బాలో మూతపెట్టిన గాజు పళ్ళేలు.
కింద తర్రఫాల్ రేవులో చేపల పడవలు కనబడవు.
వాటి ఇంజన్ల దగ్గు మాత్రం వినబడుతుంది.

నాలుగు రోజులుగా బ్రూమా.
ఎడారి నుంచి సముద్రం మీదుగా నడిచొచ్చే ధూళిని
ఈ దీవిలో అలా పిలుస్తారు.
విమానం రాలేదు.
ఆరేసిన దుప్పట్లు ఎవరూ తియ్యలేదు,
తీసి ఏం లాభం, మళ్ళీ ఉతకాలి.

పంపు రాత్రంతా గాలి పీల్చింది
మనుషుల్లాగే.
కాకపోతే అది పీల్చినదానికి లెక్క చెబుతుంది.
వడపోత కాగితం నిన్న తెల్లన,
ఇవాళ చిక్కటి టీ రంగు.
చిమ్టాను మంటలో కాల్చి, చల్లారేదాకా ఊపిరి బిగబట్టి
అంచు పట్టుకుని ఎత్తుతుంది దాన్ని,
నిద్రపోయే పిల్ల మీంచి దుప్పటి తీసినట్టు.

సగం కాగితం సూక్ష్మదర్శిని కిందకి.
అక్కడ చిన్న చిన్న గాజు దోనెలు,
డయాటమ్ చిప్పలు.
ఎడారి నడుమ ఎప్పుడో ఎండిపోయిన సరస్సులో
పచ్చగా బతికి పోయినవి.
నీళ్ళలో పుట్టి, మట్టిలో పూడి,
ఇప్పుడు గాలెక్కి ఊరేగుతున్నాయి.
ఏ రిజిస్టర్లో రాయాలి వీటిని?
బీరువాలో మూడున్నాయి: నీరు, నేల, గాలి.
మూడింటికీ మూడు రంగుల అట్టలు.
జుల్మీరా గాలి అట్టే తెరుస్తుంది,
ఆఖరుసారి కనబడ్డ చోటే చిరునామా అనుకుని.

మిగతా సగం బతికున్నవాటి కోసం.
జెల్లీ మీద పరిచి, వెచ్చటి పెట్టెలో మూడు రోజులు.
బ్రూమా మొదటి రోజువి ఇవాళ పండాయి:
గులాబీ చుక్క, బూజు నీలం,
ఆవగింజంత నలుపు, దాని చుట్టూ నూగు.
పళ్ళెం వెనక పెన్నుతో ఒక్కోదానికీ ఒక్కో చుక్క పెడుతుంది,
ముగ్గు వేసేముందు పెట్టినట్టు.
కాకపోతే వీటిని ఎవరూ కలపరు.

"మనం పీల్చినవన్నీ ఇవేనా?" కొత్తగా చేరిన అదెరీతు.
"పెడితే తిన్నవి ఇవి.
మనం పెట్టింది ముట్టనివి నూటికి తొంభై తొమ్మిది.
వాటికి ఏం ఇష్టమో
ఇంకా ఎవరూ అడగలేదు."

వరసలో చివరిది ఖాళీ పళ్ళెం.
దాని కాగితం కూడా అన్నిటితోపాటు మేడెక్కుతుంది, దిగుతుంది,
దాని గుండా గాలి మాత్రం లాగరు.
ఏమీ మొలవకపోవడమే దాని ఉద్యోగం.
ఆరేళ్ళుగా నమ్మకంగా చేస్తోంది.
ఇవాళ దాని నడిమధ్య
ఒక్క పసుపు చుక్క. గుండ్రంగా, మెరుస్తూ,
ఏ ఎడారితోనూ సంబంధం లేనట్టు.

ఆమెకి వెంటనే గుర్తొచ్చింది.
ఆరోజు గాలికి ముంగురులు కళ్ళల్లో పడ్డాయి.
మణికట్టుతో వెనక్కి తోసింది. అంతే.

ఖాళీలో మొలిస్తే ఆ రోజు లెక్క చెల్లదు.
గోడ మీద ఎర్రసిరాతో ఉంది, రాసింది తనే.
ఏడాది పొడుగునా ఎదురుచూసిన మొదటి రోజు అది.
"ఒక్కటే కదా," అంటాడు అదెరీతు గొంతు తగ్గించి,
"బొటనవేలితో తుడిచేస్తే..."
"ఆ బొటనవేలి మీద ఎన్నున్నాయో తెలుసా?"

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
చారెడు జెల్లీ పట్టింది.

గాలి రిజిస్టర్లో రాసింది: చెల్లదు. కారణం
పెన్ను కాసేపు ఆగి,
తన పేరు పూర్తిగా రాసింది, తల్లి ఇంటిపేరుతో సహా.

పళ్ళేలన్నీ కుక్కర్లోకి వెళ్ళాయి.
ఎడారీ తనూ ఒకే ఆవిరిలో ఉడికి
గదంతా గంజి వాసన.

మర్నాడు తలకి గుడ్డ బిగించి మేడెక్కింది.
రేవు కనబడుతోంది. పడవలు లెక్కపెట్టొచ్చు.
దుప్పట్లు మళ్ళీ ఉతుకుతున్నారు.
కాగితం తెల్లగానే ఉంది,
దాదాపు.