లోపలి కీలు

నారిన్ దారి ఎత్తందుకోగానే
చలిజ్వరం పట్టినట్టు వణికేది బండి.
కాలు తీస్తే మామూలే.

ప్లగ్గులు మార్చాను, కాయిళ్ళు మార్చాను,
పెట్రోలు పోసినవాణ్ణి తిట్టుకున్నాను.

కాలిపా బానెట్ ఎత్తనేలేదు.
బూట్లు విప్పి పక్క సీట్లో కూర్చుంది,
అరికాళ్ళు నేలకానించి.
"తొక్కు" అంది.
"వదులు" అంది.
మళ్ళీ "తొక్కు".

"తప్పు మండేదానిది కాదు, మోసేదానిది."

కింద, చక్రానికీ గేర్‌బాక్స్‌కీ నడుమ
రబ్బరు తొడుగు చిరిగి
గ్రీజు ఎప్పుడు కారిపోయిందో!
మూడు రోలర్లూ తిరిగిన గాడిలోనే
గుంటలు తవ్వుకున్నాయి.

కొత్త కీలు, గుప్పెడు నల్లగ్రీజు.
బిగించాక మంచుతోనే చేతులు తోముకుంటూ
"కాయిళ్ళ డబ్బు నీ తొందరకి జరిమానా"
అని నవ్వింది.

దొలోన్ కనుమ ఎక్కుతున్నాను.
వణుకు లేదు.
స్టీరింగు మీద నా వేళ్ళే
ఇంకా నమ్మడం లేదు.