గోళ్ళరంగు బిళ్ళ

టేబుల్ మీద రెండు కొటేషన్లు,
ఎగిరిపోకుండా వాటి మీదో కొబ్బరిచిప్ప.
ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా
రెండూ ఒకేలా రెపరెపలాడతాయి.

అమలాపురం మునిసిపల్ ఈతకొలనుకి
నలభై లాకర్లు కావాలి.
ఐదు రూపాయల బిళ్ళ వేస్తే తాళం తిరిగేవా,
నాలుగంకెలు నొక్కితే తెరుచుకునేవా,
సోమవారానికి నోట్ పెట్టమన్నారు కమిషనరు గారు.
నేను గుమస్తాని. నాకు ఈత రాదు.

ఇన్నాళ్ళూ లాకరంటే నల్లి మార్తమ్మే.
మూటకో కొబ్బరితాడు, తాడుకో నంబరు రేకు.
రేకు నీళ్ళలో పోయినా పర్వాలేదు,
తడితలల్ని చూసి ఎవరి మూట వాళ్ళకిచ్చేది.
మొన్న వేసవిలో ఎవరిదో వాచీ పోయింది.
తీసింది ఆమె కాదని అందరికీ తెలుసు.
తెలుసు కాబట్టే ఆమె ముందు ఎవరూ ఏమీ అనలేదు,
లాకర్లు కావాలని మాత్రం అన్నారు.

కంపెనీల వాళ్ళు చెరో శాంపిలూ దింపి వెళ్ళారు.
నెల్లాళ్ళు చూశాను.

బిళ్ళ లాకరు ఉప్పుగాలికి మూడోవారమే మూలిగింది.
వాచ్‌మన్ ఇంత కొబ్బరినూనె పోస్తే ఊరుకుంది.
అయినా ఇప్పుడు బిళ్ళలెవరి దగ్గరున్నాయి?
బజ్జీల బండికి కూడా ఫోను చూపించేవాళ్ళమే.
ఒంటి మీద నిక్కరుతో, చేతులు కట్టుకుని,
"ఐదు బిళ్ళేమైనా ఉందా అండీ" అని
నన్నడిగిన బ్యాంకు మేనేజరు
అప్పు అడగడం అదే మొదటిసారేమో.

అంకెల లాకరు తళతళలాడింది.
నొక్కినప్పుడల్లా పిచ్చుకలా కూసింది.
నంబరు మరిచిపోతే ఫోనుకి ఓటీపీ వస్తుందట.
ముదునూరి రంగరాజు గారు మరిచిపోయారు.
వచ్చింది.
తలుపు లోపల, ప్యాంటు జేబులో
టింగుమనడం అందరం విన్నాం.
తువ్వాలు చుట్టుకుని, ఇనప తలుపుకి చెవి ఆనించి,
లోపలున్న ఎవరినో బతిమాలుతున్నట్టు
చాలాసేపు నిలబడ్డారాయన.

నెలాఖరుకి కంపెనీ కుర్రాడొచ్చి చిట్టా తీశాడు.
"మీ ఊళ్ళో అంతా ఒకే నంబరు పెడతారేంటి సార్?"
ముప్పై ఒక్కమందిలో పన్నెండుమంది:
ఒకటి, తొమ్మిది, తొమ్మిది, ఆరు.
హైదరాబాదు కుర్రాడు. అప్పటికి పుట్టి ఉండడు.
ఆ నవంబరు రాత్రి గాలి సంగతి
ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను?
"దొంగకి కూడా అదే తడుతుంది కదా" అన్నాడు.
తడుతుంది బాబూ.
దొంగ కూడా మా ఊరివాడేగా.

ఇక కొల్లాటి ఏసుబాబు.
పొద్దుటి నుంచీ కాయలు ఒలిచి,
అరచేతుల నిండా పీచు మరకలతో
ఐదింటికి వస్తాడు.
ఫోను లేదు, బిళ్ళ లేదు,
చొక్కా జేబులో ఆ రోజు కూలి ఉంది.
మార్తమ్మ పొడుం డబ్బా తెరిచి
ఒక ఐదు బిళ్ళ చేతిలో పెట్టింది.
బిళ్ళ అంచుకి ఎర్రటి గోళ్ళరంగు.

మునిగొచ్చాడు. తాళం తిప్పాడు.
లాకరు బిళ్ళని ఉమ్మింది.
తెచ్చి డబ్బాలో వేశాడు.
వాడి వెనకాలే బ్యాంకు మేనేజరు చెయ్యి చాపాడు.
ఆ రోజు లెక్కపెట్టాను.
చీకటిపడేలోగా ఆ ఒక్క బిళ్ళే
పదకొండుమంది బట్టలు కాసింది.

"ఎవడైనా పట్టుకుపోతే?" అన్నాను.
"బిళ్ళ పోతే పోయిందండి.
రంగు మా కోడలిది, అడక్కుండా వాడేను,
అదీ భయం."

నోట్ రాశాను.
బిళ్ళ లాకర్లు, నలభై.
కొబ్బరినూనె, నెలకి అర లీటరు.
ఐదు రూపాయల బిళ్ళలు, ముప్పై.
గోళ్ళరంగు సీసా, ఎరుపు, ఒకటి.
ఆడిటరు అడుగుతాడు. అడగనీ.

వాచీ సంగతికి ఫారంలో గడి లేదు.
అడుగున మాత్రం చిన్నక్షరాల్లో
'అటెండరు అవసరం: ఉన్నది / లేదు'
అని ఉంది, ఒకటి కొట్టెయ్యాలి.
'లేదు'ని కొట్టేశాను.
పెన్ను సరిగా పడలేదేమోనని
మళ్ళీ కొట్టేశాను.
కాగితం కొంచెం చిరిగింది.