ఉన్నది ఉన్నట్టు

కిసుము స్టేషను వెనక
రెండు తాళాల గది నాది.
ఒక తాళంచెవి నా మొలకి,
రెండోది ఇన్‌స్పెక్టరు చెప్‌కెమోయ్ సొరుగులో.
ఇద్దరం కలిస్తే తప్ప లోపలి చీకటి కదలదు.

పిడి విరిగిన నరుకుడు కత్తి,
పదమూడు సెల్‌ఫోన్లు. అందులో ఒకటి
మొదటి వారమంతా మోగి మోగి చచ్చిపోయింది.
ఒక పెళ్ళిగౌను. దాని కేసేమిటో నాకు గుర్తులేదు,
రిజిస్టరుకి గుర్తుంది.

మూలన గోనెపట్టా మీద
పడవ ఇంజను, పదిహేను గుర్రాల బలం.
మెడలో అట్టముక్క,
అట్టముక్క మీద నా చేతిరాత.
దొంగ దొరికాడు, ఇంజనూ దొరికింది.
పోగొట్టుకున్న మనిషే
ఇంకా తిరుగుతోంది.

రిస్పా అజ్వాంగ్, దుంగా రేవు నుంచి.
ఆవిడ పడవ వెళ్ళేది ఒమెనా చేపకి.
వేలెడు కూడా ఉండదు ఆ చేప,
చంద్రుడు లేని రాత్రి దీపం చూపిస్తే వస్తుంది.
అందుకే ఆవిడ వాయిదాలు లెక్కపెట్టదు.
"ఏడు అమావాస్యలు పోయాయి, ఒచోలా" అంటుంది.

ఖైదీల వ్యానుకి డీజిలు లేదని ఓసారి,
మేజిస్ట్రేటుకి బదిలీ అయిందని ఓసారి,
ముద్దాయి వకీలుకి గవదబిళ్ళలని ఓసారి.

నేను ఓపిగ్గానే చెప్పాను:
అమ్మా, అది నీదే, కాదన్నవాడు లేడు.
కాని కేసు తేలేదాకా వస్తువు కాదది, సాక్షి.
సాక్షిని ఇంటికి పంపితే
మాట మారదని ఏమిటి నమ్మకం?

నవ్వింది.
"నా ఇంజనుకి వచ్చింది ఒక్కటే మాట.
అదీ మీరు అననివ్వడం లేదు."

నిజమే. అగ్గిభయమని
పెట్రోలు వంచి డబ్బాలో పోశాం.
డబ్బాకి వేరే నంబరిచ్చాం.
ఒక ప్రాణం, రెండు అట్టముక్కలు.

ఒక్కసారి తాడు లాగనిమ్మంది.
మండక్కర్లేదు, లోపల తిరిగితే చాలు,
బిగుసుకుపోకుండా.
కుదరదన్నాను. పట్టుకున్ననాటి స్థితి మారకూడదు.
అలా అంటూనే చూశాను,
తుప్పు ఎవరి అనుమతీ అడగలేదు.
ప్రొపెల్లరు రెక్కల సందున
కుమ్మరిపురుగు మట్టిగూడు కట్టుకుంది.
జాబితాలో ఎక్కించాలా, వద్దా?
ఎక్కించలేదు.

కొత్త మేజిస్ట్రేటు వచ్చింది, కళ్ళజోడు పైకి తోసుకుంటూ
ఒక పేజీ రెండుసార్లు చదివింది.
ఫోటో తీయండి, నాలుగు వైపులా.
నంబరు పలక విడిగా తీయండి.
ఇరుపక్షాలూ వెనక సంతకం చెయ్యాలి.
పిలిచినప్పుడు తెస్తానని పూచీ రాయించుకుని
ఇచ్చేయండి.
అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ సెక్షను నిన్న పుట్టింది కాదు.
నాకు తెలుసా అంటే, తెలుసు.
ఎవరూ దరఖాస్తు పెట్టలేదు,
అడగంది చెప్పడం నా పని కాదనుకున్నాను.
పద్దెనిమిదేళ్ళ సర్వీసులో
ఒక్క వస్తువు పోలేదు నా గదిలో.
ఆ మాట చాలామందితో అన్నాను, గొప్పగా.

రిస్పా ఇద్దరు కుర్రాళ్ళతో వచ్చింది.
రశీదు కూడబలుక్కుని చదివింది:
"పై వస్తువు ఉన్నది ఉన్నట్టు ముట్టినది."
కలం పట్టుకుని కాసేపు ఆగింది.
సంతకం పైన, ఇరుకులో,
ఒక మాట చేర్చింది:
"గూడు అదనం."

కొట్టేయమనాలి. రశీదు దిద్దకూడదు.
అనలేదు.

ఫోటో ఇప్పుడు అదే మూలన, కవరులో ఉంది.
గోనెపట్టా మీద నూనె మరక, ఇంజను పొడుగున.
దానికి నంబరు లేదు.
చంద్రుడు లేని రాత్రి డ్యూటీ పడితే
సరస్సు మీద ఎక్కడో మోటారు దగ్గుతుంది.
ఎవరిదో తెలియదు.
లేచి వెళ్ళి
తాళం ఓసారి లాగి చూసి వస్తాను.